గెడ్డ పక్కన ఇల్లు, పురిటికి వచ్చిన అమ్మాయి

విశాఖపట్నం నుంచి ఒక తల్లి నాలుగు పుటల ఉత్తరం రాశారు. తన పేరూ కాలనీ పేరూ బయట పెట్టవద్దని కోరారు కాబట్టి, కంచరపాలెం వైపు ఒక పాత కాలనీ అని మాత్రమే చెప్పుకుందాం. పాతికేళ్ల క్రితం కట్టుకున్న సొంత ఇల్లు. పెరటి గోడ దాటితే గెడ్డ, అంటే ఇళ్ల మురుగు కలిసిన వాగు. కింది వాటాలో ఆమె, ఉద్యోగ విరమణ చేసిన భర్త, ఎనభై దాటిన అత్తగారు ఉంటున్నారు. పై వాటాను బెంగళూరులో ఉన్న కొడుకు వచ్చినప్పుడు దిగడానికి ఖాళీగా ఉంచారు. శ్రావణమాసంలో సీమంతం చేసి, తొలి కాన్పు కోసం కూతురిని పుట్టింటికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తున్నది. కాన్పుకు ఇంకా ఏడు వారాల వ్యవధి ఉన్నదని వైద్యురాలు చెప్పారట.

కోడలిని చూసిపోవడానికి వచ్చిన వియ్యపురాలు సాయంత్రం వరండాలో అరగంట కూర్చొని, “ఈ దోమల్లో పసిగుడ్డును ఎలా ఉంచుతారు వదినగారూ, మధురవాడలో మాది ఏడో అంతస్తు, ఒక్క దోమ కనిపించదు, పురుడు మేమే పోసుకుంటాం” అన్నారు. కిందటి ఏడాది వాళ్ల అక్కగారి మనుమడు డెంగీతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడట. ఆ మాట విన్న దగ్గరి నుంచి భర్తకు నిద్ర లేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోతే నలుగురిలో తలెత్తుకోలేనని ఆయన బాధ. ప్రతి ఆదివారం గెడ్డలో కిరోసిన్ పోస్తున్నారు. నగరపాలక సంస్థకు అర్జీ పెడితే రెండుసార్లు ఫాగింగ్ బండి వచ్చి వెళ్లింది. పక్క స్థలంలో నాలుగంతస్తుల భవనం కడుతున్న వారితో నీళ్ల విషయమై గొడవపడి మాటలు మానేశారు. సాయంత్రం అయిదింటికే తలుపులూ కిటికీలూ బిగించి, గదికొక దోమల చక్రం, అది చాలదని లిక్విడ్ మిషన్, ఆపైన అత్తగారి సాంబ్రాణి పొగ. అమ్మాయికి ఊపిరాడక దగ్గు పట్టుకున్నది. అయినా దోమలు తగ్గలేదు. అమ్మాయిని పంపించాలా, ఉంచుకోవాలా, గెడ్డ దోమలను వదిలించుకునే మార్గమేమైనా ఉన్నదా, ఈ పొగలు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. దోమల చిక్కూ, మర్యాదల చిక్కూ ఇందులో ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయాయి. మర్యాదల సంగతి చివర మాట్లాడుకుందాం. దోమల సంగతి తేలితే అది సగం దానంతటదే తేలుతుందని నా అనుకోలు.

మూడో పుటలో మీరు మరేదో చెబుతూ మధ్యలో ఒక వాక్యం రాశారు. పొద్దున్న ఎనిమిది గంటలప్పుడు అమ్మాయి వరండాలో కూర్చొని చదువుకుంటుంటే పాదాల మీదా, మడమల దగ్గరా దద్దుర్లు లేస్తున్నాయనీ, దోమ చప్పుడు మాత్రం వినిపించదనీ. మీ ఉత్తరం మొత్తంలో నేను కింద గీత గీసుకున్న వాక్యం అదే. ఎందుకంటే గెడ్డలో పుట్టే దోమకు పొద్దున్న ఎనిమిదింటికి కుట్టే అలవాటు లేదు. మీవారు ఇంతకాలం యుద్ధం చేస్తున్నది ఒక దోమతో, మీ వియ్యపురాలు భయపడుతున్నది వేరొక దోమకు.

చీకటి పడ్డాక గుంపులుగా లోపలికి వచ్చి, అర్ధరాత్రి చెవి దగ్గర రొద పెట్టేది క్యూలెక్స్ జాతి. నిలిచిన మురుగునీరు దానికి పుట్టిల్లు. గెడ్డ ఒడ్డున కదలకుండా నిలిచిన నీళ్లు, మూతలేని కాలువలు, సెప్టిక్ ట్యాంకులు దానికి కావాలి. ఒక్కొక్క ఆడదోమ నూటికి పైగా గుడ్లను ఒకదానికొకటి అతుక్కున్న చిన్న తెప్పలాగా నీటిమీద వదులుతుంది. మన కోస్తా జిల్లాల్లో పాతతరం వారు ఎరిగిన బోదకాలు ఈ దోమ వల్లనే వస్తుంది, కాని అది నెలల తరబడి, లెక్కలేనన్ని కాట్లు పడిన మీదట పట్టే జబ్బు. రాబోయే రెండు మూడు నెలల విషయంలో ఈ దోమ మీకు చేసే హాని ప్రధానంగా నిద్ర చెడగొట్టడం, దురద పెట్టడం. అది తేలిక విషయమని నేననను, నిండుచూలాలికి నిద్ర ఎంత అవసరమో మీకు తెలుసు.

పొద్దున్న పాదాలను కుట్టేది ఏడిస్. నల్లటి ఒంటిమీద, కాళ్లమీద తెల్లటి చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా మోసుకొచ్చేది ఇదే. సూర్యోదయమైన రెండు మూడు గంటల లోపలా, మళ్లీ సూర్యాస్తమయానికి ముందూ బాగా చురుకుగా ఉంటుంది. నేలబారుగా ఎగురుతుంది, పాదాలనూ పిక్కలనూ వెతుక్కుంటుంది, చప్పుడు చేయదు, కాస్త కదిలితే లేచిపోయి పక్కనున్న మరొకరిని కుడుతుంది. ఇది మురుగునీటి జోలికి అంతగా పోదు. మనుషులు తమకోసం దాచుకున్న నీళ్లే దీనికి ఇష్టం, సీసామూతలో నిలిచిన నీళ్లు చాలు. పైగా ఎక్కువ దూరం ఎగరలేదు, సాధారణంగా పుట్టిన చోటి నుంచి నాలుగు వందల మీటర్లు దాటిపోదు, చాలావరకు పుట్టిన ఇంట్లోనో పక్కింట్లోనో బతికి అక్కడే చస్తుంది. కాబట్టి మీ అమ్మాయిని పొద్దున్న కుడుతున్న దోమ మీ ప్రహరీ లోపల పుట్టినది కావడానికే అవకాశం ఎక్కువ. ఈ మాట మీకు కష్టంగా తోచవచ్చు. కాని ఇందులో మీకు మేలు చేసే సంగతి కూడా ఉన్నది, గెడ్డ మీ చేతిలో లేదు, మీ పెరడు మీ చేతిలో ఉన్నది.

(మూడోది మలేరియా దోమ, అనాఫిలిస్. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది ఈ దోమ కడుపులోనే. మన వైపు మలేరియా అనగానే పాడేరు కొండలు గుర్తుకు వస్తాయి, అయితే నగరాల్లో ట్యాంకులలో, నూతులలో పెరిగే రకం కూడా ఒకటున్నది. మీ పెరట్లో వాడని నుయ్యి ఉన్నదని రాశారు కనుక చెబుతున్నాను: దానికి సన్నని వల కప్పించి, నగరపాలక సంస్థ మలేరియా విభాగం వారిని అడిగి దోమ పురుగులను తినే గంబూషియా చేపలు వేయించండి. ఆ పని అంతటితో తీరుతుంది.)

ఇప్పుడు మీ ఉత్తరంలోనే మీరు చెప్పిన వస్తువులను నేను వరుసగా ఏరి చూపిస్తాను. కుళాయి నీళ్లు పొద్దున్న గంటసేపే వస్తాయి కాబట్టి రెండు డ్రమ్ములు, ఆరు బకెట్లు నింపుతామన్నారు. బట్టలు ఉతకడానికి పెరట్లో సిమెంటు తొట్టె ఉన్నది, అది ఎప్పుడూ నిండుగా ఉండేలా మీవారు చూసుకుంటారు, తొట్టె కట్టించినది ఆయనే. మేడమీద నలభై పూలకుండీలు, కిందికి నీళ్లు కారకుండా ఒక్కొక్కదాని కింద ప్లాస్టిక్ పళ్లెం. పై వాటా నాలుగు నెలలుగా తాళం వేసి ఉన్నది. వీటిలో ప్రతి ఒక్కటీ ఏడిస్ దోమకు పురిటిగదే.

తొట్టె సంగతి చూడండి. “రోజూ కొత్త నీళ్లు పడుతున్నాం, ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది” అని మీరు రాశారు. రోజూ సగం వాడుకొని మళ్లీ సగం నింపితే అడుగున ఉన్న పురుగులు అడుగునే ఉంటాయి, అవి ఏనాడూ బయటికి పోవు. ఒక సాయంత్రం టార్చి వేసి అంచున చూడండి. నీటిలో తలకిందులుగా వేలాడుతూ, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగిపోయే సన్నని పురుగులు కనిపిస్తాయి. తెల్లటి పళ్లెంలోకి ఒక చెంబెడు నీళ్లు తీసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అవే దోమ లార్వాలు. డ్రమ్ములకు మూతలు వేశామన్నారు, కాని మూతకూ అంచుకూ మధ్య వేలు దూరే సందు ఉంటే దోమ లెక్కలో అది మూత కాదు. మూతి చుట్టూ పాత నూలు పంచె కట్టి తాడు బిగించడం అంతకంటే మేలు.

పై వాటా గురించి ఎవరూ ఆలోచించరు. వాడకుండా వదిలేసిన కమోడులో నీళ్లుంటాయి, ఫ్లష్ ట్యాంకులో నీళ్లుంటాయి, స్నానాల గది నేలమీది జాలీ కింద నీళ్లుంటాయి. మనుషుల అలికిడి లేని చీకటి గది, కదలని శుభ్రమైన నీళ్లు, దోమకు ఇంతకంటే సుఖమైన చోటు ఏముంటుంది? వారానికొకసారి తాళం తీసి, ఫ్లష్ లాగి, జాలీలలో రెండు చెంబుల నీళ్లు పోసి, కమోడు మూత వేసి రండి. ఫ్రిజ్ వెనుక నీళ్లు పడే ట్రే, ఏసీ గొట్టం కింద పెట్టిన బకెట్టు, సన్‌షేడ్ మీద వాన నిలిచే పల్లం, తాగి పడేసిన కొబ్బరిబొండాలు, చీపురుకట్టల పక్కన పడి ఉన్న పగిలిన మగ్గు, ఇవన్నీ ఇంటింటా ఉండేవే. ఇతరులకు ఇన్ని నీతులు చెప్పే నేను, నా సొంత వంటింటి కిటికీలో మనీప్లాంట్ పెట్టిన గాజుసీసాలో ఆ పురుగులు ఈదుతుండగా రెండేళ్ల క్రితం చూసి సిగ్గుపడ్డాను. ఆకులు నిగనిగలాడుతున్నాయని మురిసిపోవడమే తప్ప నీళ్లవైపు ఎన్నడూ చూడలేదు.

ఎన్ని రోజులకొకసారి ఖాళీ చేయాలన్నది లెక్క ప్రకారం చెప్పవచ్చు. మన వేడిమిలో గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి ఎనిమిది నుంచి పది రోజులు పడుతుంది. అందుకే మన రాష్ట్రంలో శుక్రవారాన్ని డ్రై డే అన్నారు. ఏడు రోజులు తిరిగేలోగా ఒకసారి నీళ్లన్నీ పారబోస్తే లోపల ఉన్నది ఏదీ దోమ కాలేదు. అయితే పారబోయడం ఒక్కటే చాలదు. ఏడిస్ తన గుడ్లను నీటిమీద కాక, నీటిమట్టానికి కాస్త పైన తడిగా ఉన్న గోడకు అతికిస్తుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలిన వెంటనే పగులుతాయి. కాబట్టి తొట్టెనూ డ్రమ్మునూ ఖాళీ చేశాక లోపలి అంచుల చుట్టూ కొబ్బరిపీచుతో గట్టిగా తోమి, కడిగి, ఎండనిచ్చి అప్పుడు నింపాలి. పూలకుండీల కింది పళ్లేలు తీసేయండి, లేదా వాటిలో ఇసుక నింపండి. శుక్రవారం నాడు బిందెలు ఖాళీగా ఉండకూడదని మీ అత్తగారు అభ్యంతరం చెబుతారని రాశారు. అటువంటప్పుడు గురువారం చేయండి, దోమకు వారాల పట్టింపు లేదు, ఏడు రోజులు దాటకూడదన్నదే నియమం.

మీ చేతిలో ఏడు వారాలున్నాయి. దోమకు అది సుమారు నాలుగు తరాలు. ఆడదోమ బతికేది రెండు నుంచి నాలుగు వారాలే కాబట్టి, ఈ వారం మొదలుపెట్టి కొత్తవి పుట్టకుండా ఆపితే, ఉన్నవి చచ్చిపోతూ నెల తిరిగేసరికి పగటి కాట్లు బాగా తగ్గాలి. మొదటి వారం ఏమీ తగ్గినట్టు కనిపించదు, దానికి నిరాశపడి మానేయవద్దు.

రాత్రి దోమ విషయంలో మీ ఇంటి హద్దు లోపల చేయదగిన పెద్ద పని ఒకటే ఉన్నది, అది సెప్టిక్ ట్యాంకు. దాని గాలిగొట్టం పైకొసకు నైలాన్ వలగుడ్డ కట్టించండి, మ్యాన్‌హోల్ మూత అంచుల సందులను సిమెంటుతో పూడ్పించండి. వల కట్టని గాలిగొట్టం ఒక్కటే రోజుకు ఎన్ని వందల దోమలను వదలగలదో చూసినవారు గెడ్డను కాసేపు మరచిపోతారు. ఇక గెడ్డ. కొండమీద పడిన వాననీటిని సముద్రంలోకి చేర్చడానికి ఏర్పడిన పారుదల మన గెడ్డలు. ఇళ్ల మురుగు కలిసిన తరువాత అవి మరోలా అయ్యాయి. పారే నీటిలో క్యూలెక్స్ పెరగదు, ప్లాస్టిక్ సంచులు, గుర్రపుడెక్క, పూడిక అడ్డుపడి ఒడ్డున నిలిచిన మడుగుల్లోనే పెరుగుతుంది. మీవారు పోసే కిరోసిన్ నిలిచిన నీటిమీద పొరలాగా పరచుకున్నంత సేపు పురుగులకు ఊపిరి ఆడదు, నిజమే, కాని ప్రవాహం దాన్ని గంటలో కొట్టుకుపోయి సముద్రంలో కలుపుతుంది. డబ్బూ దండగ, చేపలకూ చేటు. ఆ ఆదివారం శ్రమ మీ గోడ వెనుక పాతిక గజాల మేర చెత్త తీయించి నీటిని కదిలించడంలో పెడితే కొంత ఫలం ఉంటుంది. మిగిలినదానికి వార్డు సచివాలయంలో పారిశుధ్య కార్యదర్శికి, నాలుగైదు ఇళ్లవారు సంతకాలు చేసి, పూడిక తీయించమని అర్జీ ఇవ్వండి. ఫాగింగ్ కావాలని అడగడం కంటే ఇది అడగడం తెలివైన పని. ఫాగింగ్ పొగ ఆ క్షణంలో గాలిలో ఎగురుతున్న దోమలను తాకితే చంపుతుంది, అంతే. నీటిలోని పురుగులను అది ముట్టుకోదు. వీధిలో బండి తిరిగే వేళకు ఏడిస్ మీ బీరువా వెనుకా, మంచం కిందా, వేలాడదీసిన బట్టల మధ్యా కూర్చొని ఉంటుంది. డెంగీ వచ్చిన ఇంటి చుట్టుపక్కల వెంటనే కొట్టడానికి ఫాగింగ్‌కు ఒక ప్రయోజనం ఉన్నది, నెలనెలా ఊరట కోసం కొట్టించుకుంటే మిగిలేది డీజిల్ వాసనే. బండి వచ్చిన పూట అమ్మాయిని వెనుక గదిలో ఉంచి, వండిన వంటలమీద మూతలు పెట్టండి.

క్యూలెక్స్ కిలోమీటరుకు పైగా కూడా ఎగరగలదు కాబట్టి, మీరు ఎంత చేసినా గెడ్డ దోమ పూర్తిగా పోదని ముందే చెబుతున్నాను. దాన్ని అడ్డుకోవడమే దారి. ఇల్లంతా మెష్ చేయించే స్తోమత లేదని రాశారు. అవసరం లేదు. అమ్మాయీ బిడ్డా పడుకునే ఒక్క గదికి చేయించండి, కిటికీలకే కాక తలుపుకు, బాత్‌రూమ్ వెంటిలేటరుకు కూడా. ఒక్క వెంటిలేటరు వదిలేస్తే మిగిలినదంతా వృథా. అప్పుడు సాయంత్రం అయిదు నుంచి ఊపిరాడకుండా గది బిగించుకోవలసిన అవసరమే ఉండదు, గాలి వస్తుంది, దోమ రాదు. దోమతెర కొనేటప్పుడు చదరపు అంగుళానికి 156 కన్నాలున్నది అడగండి, అంచులు పరుపు కిందికి దోపేంత పొడవుండాలి. ఇంకొక మాట. పసిబిడ్డ పగలంతా నిద్రపోతుంది, ఏడిస్ పగలే కుడుతుంది. దోమతెర రాత్రికి మాత్రమేననుకోవద్దు, ఉయ్యాలకు కూడా పగటిపూట తెర ఉండాలి. వరండాలో కూర్చున్నప్పుడు కాళ్ల దగ్గర టేబుల్ ఫ్యాను పెడితే చాలావరకు దగ్గరికి రాలేవు, దోమ రెక్కలు అంత బలమైనవి కావు. లేతరంగు పొడవాటి బట్టలు వేసుకొమ్మనండి. “అమ్మాయిది తీపి రక్తం, అందుకే దానినే కుడుతున్నాయి” అని మీవారు అంటున్నారట. తీపి సంగతి ఏమో గాని, గర్భిణుల ఒళ్లు కాస్త వెచ్చగా ఉండటం, ఊపిరి ఎక్కువగా వదలటం వల్ల దోమలు వారివైపు ఎక్కువగా వస్తాయన్నది నిజం.

పొగల గురించి మీరు భయపడుతూ అడిగారు. దోమల చక్రం కాలినంత సేపూ వచ్చేది కట్టెపొగ లాంటి పొగే, తలుపులు మూసిన గదిలో రాత్రంతా దాన్ని పీల్చడం గర్భిణికీ మంచిది కాదు, ఎనభై దాటిన మీ అత్తగారి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, పుట్టబోయే బిడ్డకు అసలే పనికిరాదు. ఈ రోజే ఆపేయండి. లిక్విడ్ మిషన్‌లో పొగ లేకపోయినా మందు గాలిలోనే కలుస్తుంది. మెష్ పూర్తయ్యేవరకు తప్పదనుకుంటే, మనుషులు లేనప్పుడు గంటసేపు వేసి, ఆపి, కిటికీ తెరిచి గాలి ఆడనిచ్చాక గదిలోకి వెళ్లడం మేలు. బజారులో దోమల అగరుబత్తులని విడిగా అమ్మేవి కొనవద్దు, వాటిలో కొన్నింటిలో ప్రభుత్వ అనుమతి లేని మందులు కలుపుతున్నారు. పురుగుమందు ఏదైనా డబ్బామీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఒంటికి రాసుకునే క్రీములలో గర్భిణులు వాడదగినవి ఉన్నాయి, ఏది అన్నది కాన్పు చూసే వైద్యురాలినే అడగండి. రెండు నెలలు నిండని బిడ్డకు మాత్రం ఏ క్రీమూ రాయకూడదు. అల్ట్రాసోనిక్ యంత్రాలని ప్లగ్గుకు పెట్టేవి పనిచేయవు. సాంబ్రాణి విషయంలో అత్తగారి మనసు కష్టపెట్టకుండా దేవుడి గదికి పరిమితం చేయగలరేమో చూడండి. బిడ్డ తలకు స్నానం తరువాత పొగ పట్టే ఆచారం గురించి ముందుగానే, కోప్పడకుండా మాట్లాడుకోవడం మంచిది, పురిటి రోజుల్లో ఆ మాట తెస్తే గొడవ అవుతుంది.

ఇన్ని చేసినా జ్వరం వస్తే ఏమిటన్నది మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. నిండుచూలాలికి జ్వరం వచ్చిన రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, రేపు చూద్దామనుకోవద్దు. డెంగీకి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష, దానితోపాటు మలేరియా రక్తపరీక్ష చేయిస్తారు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేయవద్దు, పారాసిటమాల్ మాత్రమే, అదీ వైద్యురాలు చెప్పిన మోతాదులో. గర్భిణులకు కొందరికి చిన్న మోతాదు ఆస్పిరిన్ రోజూ వేసుకొమ్మని రాస్తారు, అలాంటిది వాడుతుంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి. డెంగీలో ప్రమాదం చాలాసార్లు జ్వరం తగ్గే రోజుల్లోనే మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా జ్వరం తగ్గింది కదా అని ఊరుకోవద్దు.

పక్క స్థలం వారితో మీవారికి మాటలు లేవన్నారు. అక్కడి లిఫ్టు గోతిలో నీళ్లు నిలిచి ఉండటం, స్లాబుమీద క్యూరింగ్ కోసం గట్లు కట్టి నీళ్లు నిలపడం నిజంగా ఏడిస్‌కు మంచి చోట్లే, ఈ విషయంలో మీవారి కోపం న్యాయమైనది. వార్డు సచివాలయానికి ఫిర్యాదు చేయవచ్చు, వారికి నోటీసు ఇచ్చే అధికారం నగరపాలక సంస్థకు ఉన్నది. కాని రేపు ఆ భవనంలో నాలుగు కుటుంబాలు మీ పక్కనే కాపురం ఉంటాయి. దానికంటే ముందు మీరు వెళ్లి ఆ స్థలంలో గుడిసె వేసుకొని ఉంటున్న కావలి మనిషి భార్యతో మాట్లాడి చూడండి. ఆ లిఫ్టు గోతి పక్కనే పడుకునే ఆమె పిల్లలను మీ అమ్మాయి కంటే ఎక్కువగా దోమలు కుడుతూ ఉంటాయి. వారానికొకసారి స్లాబు నీళ్లు పూర్తిగా వదిలి వెంటనే మళ్లీ నింపితే కాంక్రీటుకు నష్టం లేదు, గోతిలో నీళ్లు తోడించడమో, మలేరియా విభాగం వారి చేత నీటిలోని పురుగులను చంపే అబేట్ మందు వేయించడమో చేయవచ్చు. అది ఫలించకపోతే అర్జీ ఎలాగూ ఉన్నది.

ఇక అమ్మాయిని పంపించడమా, ఉంచుకోవడమా. మీ వియ్యపురాలి మాటలో సగం నిజం ఉన్నది. ఏడో అంతస్తుకు గెడ్డ దోమలు తక్కువగానే వస్తాయి, అక్కడ రాత్రి నిద్ర బాగా పడుతుంది. కాని ఏడిస్ అంతస్తులు లెక్కపెట్టదు, బాల్కనీలో పూలకుండీ పళ్లెం ఉంటే ఏడో అంతస్తులోనూ పుడుతుంది, లిఫ్టులో మనుషులతోపాటు ఎక్కిపోనూ గలదు. కాబట్టి అక్కడికి పంపితే డెంగీ భయం దానంతటదే తీరిపోదు. ఆ ఇంట్లో కూడా ఎవరైనా వారానికొకసారి చూసుకోవాలి, పైగా తొలి కాన్పు వేళ తల్లి పక్కన లేకపోవడమన్న లోటు అమ్మాయికి ఉంటుంది. మీ దగ్గరే ఉంచుకుంటే ఆ లోటు ఉండదు, కాని పైన చెప్పిన పనంతా మీరు మానకుండా చేయాలి, మెష్ ఖర్చు భరించాలి, రాత్రి దోమ కొంత ఉండనే ఉంటుంది. మూడో దారి కూడా ఉన్నది. ఇప్పుడే తేల్చకుండా నాలుగు వారాలు గడువు పెట్టుకోండి. ప్రతి వారం ఇంట్లో ఎన్ని చోట్ల పురుగులు కనిపించాయో ఒక నోటుపుస్తకంలో రాయండి. నాలుగో వారానికి ఆ అంకె సున్నాకు వచ్చి, అమ్మాయికి పగటి కాట్లు ఆగితే ఉంచుకోండి. రాకపోతే తొమ్మిదో నెలలో మధురవాడకు కారులో తీసుకువెళ్లడం పెద్ద కష్టమేమీ కాదు, ఒకే ఊరు, అదే ఆసుపత్రి. గడువు పెట్టుకున్న సంగతి ఇప్పుడే వియ్యపురాలికి మీరే ఫోన్ చేసి చెప్పండి. “మీ బాల్కనీ కూడా చూసుకోండి” అన్న మాట మాత్రం ఈ ఫోన్‌లో అనవద్దు, ఎంత నిజమైనా ఎత్తిపొడుపులాగా వినిపిస్తుంది. ఆసుపత్రిలో మనుమడి మంచం పక్కన కూర్చున్న అక్కను చూసి వచ్చిన మనిషి ఆమె. వరండాలో ఆమె అన్న మాటలో అవమానించే ఉద్దేశం కంటే ఆ భయమే ఎక్కువగా ఉండి ఉంటుంది.

నాలుగు పుటల ఉత్తరంలో మీవారు ఏమన్నారో, వియ్యపురాలు ఏమన్నారో, అత్తగారు ఏమన్నారో మాట మాటా ఉన్నది. మీ అమ్మాయి ఎక్కడ ఉండాలనుకుంటున్నదో ఒక్క వాక్యం కూడా లేదు. ఆదివారం అల్లుడు వచ్చేలోగా, ఎవరూ లేనప్పుడు అడగండి. మీ ఇద్దరినీ నొప్పించకూడదని ఆమె నోరు మెదపకుండా ఉండి ఉండవచ్చు. ఆమె మధురవాడకే వెళ్తానంటే, పురుడు అయిన నెలకో రెండు నెలలకో బిడ్డతో సహా మీ ఇంటికే వస్తుంది, అప్పటికి గది సిద్ధంగా ఉంటుంది.

మీవారికి నా ఉత్తరం చదివి వినిపించేముందు, ఒక సాయంత్రం ఆయనను తొట్టె దగ్గరికి తీసుకువెళ్లి టార్చి ఆయన చేతికే ఇవ్వండి. మీరేమీ చెప్పనక్కరలేదు. ఆ తొట్టెకు అడుగున నీళ్లు పోయే రంధ్రం లేదని, అందుకే ఖాళీ చేయడం కష్టమని రాశారు. ఒకటి పెట్టించమనండి. మేస్త్రీ పక్క స్థలంలోనే ఉన్నాడు, పిలవడానికి మీవారు రెండు మాటలు మాట్లాడక తప్పదు.